పళ్లెం మారితే యూనిట్లూ మారాలి

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. 30/70 ఇన్సులిన్ ఉదయం 22 యూనిట్లు, రాత్రి 14 వేసుకుంటారు. నెల క్రితం రాత్రిపూట అన్నం మానేసి రెండు పుల్కాలు తింటున్నారు. అప్పటినుంచి రెండింటికో మూడింటికో చెమటలు పట్టి లేస్తున్నారు. అమ్మ బూందీ లడ్డూ పెడితే తేరుకుంటున్నారు. తీరా పొద్దున పరగడుపున షుగర్ చూస్తే 220! ఇన్సులిన్ పెంచాలా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: పెంచకండి. రేపే డాక్టరు గారికి చూపించండి. అన్నం మానడం తప్పు కాదు, మానిన సంగతి ఆయనకు చెప్పకపోవడమే పొరపాటు.

లెక్క చూడండి. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మీ నాన్నగారు రాత్రి పావుకిలో అన్నం తినేవారనుకుంటే 70 గ్రాములు. 30 గ్రాముల గోధుమపిండితో చేసిన పుల్కాలో ఉండేది 20 గ్రాములు, రెండింటికి 40. పళ్లెంలో 30 గ్రాములు తగ్గాయి, సూదిలో మాత్రం ఆ 14 అలాగే ఉంది.

పైగా 30/70 అంటే రెండు రకాల ఇన్సులిన్ 30, 70 శాతం చొప్పున కలిపినది, కాబట్టి ఆ 14 యూనిట్లూ ఒకే రకం కాదు. అందులో నాలుగు యూనిట్ల పైచిలుకు రెగ్యులర్ (కొద్ది గంటలే పనిచేసే రకం), దాదాపు పది ఎన్‌పీహెచ్ (నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసే రకం). రెగ్యులర్ భోజనం సంగతి చూసుకుంటుంది. ఎన్‌పీహెచ్ జోరు వేసుకున్న నాలుగు గంటల నుంచి పది గంటల మధ్య ఉంటుంది. ఎనిమిదింటికి వేసుకుంటే అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా అన్నమాట. రెండు పుల్కాలు అరిగిపోయి కడుపు ఖాళీగా ఉండే వేళ కూడా అదే. షుగర్ పడిపోయి చెమటలు పట్టేది అందుకే కావచ్చు.

పొద్దుటి 220లో చాలావరకు ఆ లడ్డూదే కావచ్చు. తేల్చుకోవడానికి రాత్రి మూడింటికి గ్లూకోమీటరుతో చూడాలి. 70 కన్నా తక్కువ వస్తే రాత్రి డోసు ఎక్కువైనట్టే. అలాంటప్పుడు డాక్టర్లు సాధారణంగా 10 నుంచి 20 శాతం తగ్గిస్తారు. మూడింటికి 130 ఉండి, ఏమీ తినకుండానే ఆరింటికి 220 అయితే అది వేరే సమస్య. తెల్లవారుజామున కొన్ని హార్మోన్లు పెరిగి కాలేయం గ్లూకోజ్ వదులుతుంది. మొదటిదానికి డోసు తగ్గించాలి, రెండోదానికి పెంచాల్సి రావచ్చు. పొద్దుటి అంకె ఒక్కటే చూస్తే ఈ తేడా తెలియదు.

లో షుగర్‌కు లడ్డూ మంచి మందు కాదు. నెయ్యి వల్ల అందులోని చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది, ఈలోగా కంగారులో ఇంకోటి తినిపిస్తాం. మంచం పక్కన గ్లూకోజ్ పొడి పెట్టండి. 15 గ్రాములు, అంటే సుమారు మూడు టీస్పూన్లు, నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకు మళ్లీ చూడండి. 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. వోగ్లిబోస్ లేదా అకార్బోస్ మాత్రలు వేసుకునేవారికి పంచదార, బెల్లం వెంటనే పనిచేయవు. పంచదారను విడగొట్టే ఎంజైమునే ఆ మాత్రలు అడ్డుకుంటాయి కాబట్టి వాళ్లకు గ్లూకోజే ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మరొకటి కూడా గమనించండి. 30/70 సీసాను కదపకుండా ఉంచితే తెల్లటి మందు అడుగుకు దిగి, పైన తేట నిలుస్తుంది. అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు మెల్లగా తలకిందులు చేస్తే పాలలా ఒకే రంగుకు వస్తుంది. సరిగా కలపకపోతే డోసు రోజుకో రకంగా పనిచేస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు, టైప్ 1 షుగర్ ఉంది. పది గ్రాముల పిండిపదార్థానికి ఒక యూనిట్ చొప్పున భోజనానికి ముందు త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఇస్తున్నాం. మామూలు రోజుల్లో బాగానే ఉంటుంది. బిర్యానీ రోజు మాత్రం తిన్న రెండు గంటల తరువాత 95, ఐదు గంటల తరువాత 280!
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ లెక్క తప్పలేదు, బిర్యానీయే ఆలస్యంగా అరుగుతోంది. నూనె, నెయ్యి, మాంసం పొట్టను నెమ్మదిగా ఖాళీ చేయిస్తాయి. త్వరగా పనిచేసే ఇన్సులిన్ మొదటి గంట, రెండు గంటల్లోనే జోరు చూపించి తగ్గిపోతుంది. అన్నంలోని గ్లూకోజ్ అప్పుడు రక్తంలోకి వస్తుంది. కొవ్వు ఎక్కువైనప్పుడు తరువాతి కొన్ని గంటలు ఇన్సులిన్ పట్టు కూడా కాస్త సడలుతుంది.

ముక్కలు తీసి అన్నం మాత్రం తూకం వేయండి. పావుకిలో అన్నమైతే దాదాపు 70 గ్రాములు, మీ లెక్కన ఏడు యూనిట్లు. ఇలాంటి భోజనానికి డోసును రెండుగా విడగొట్టడం ఒక పద్ధతి: నాలుగు యూనిట్లు తినేముందు, మిగిలిన మూడు యూనిట్లు గంటన్నర తరువాత. ఎంతెంత అన్నది పాప డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి. తిన్న మూడు గంటల తరువాత, ఐదు గంటల తరువాత షుగర్ చూసి రాసిపెట్టండి. రెండు మూడు ఆదివారాల అంకెలు చేతిలో ఉంటే ఆ మాట తేలికవుతుంది.

మధ్యలో అంకె పెరిగిందని గంటకోసారి యూనిట్లు కలపొద్దు. ముందు వేసినది నాలుగు గంటలదాకా ఒంట్లో ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పడితే నిద్రలో షుగర్ పడిపోతుంది.

ప్రశ్న: ఇడ్లీ మానేసి పొద్దున్నే 30/70 వేసుకోగానే రెండు గ్లాసుల రాగి జావ తాగుతున్నాను. రాగులు షుగర్‌కు మంచివే కదా, గంటన్నరకు 260 ఎందుకొస్తోంది?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: రాగిపిండి 100 గ్రాముల్లోనూ పిండిపదార్థం 70 గ్రాముల దాకా ఉంటుంది, బియ్యానికి పెద్దగా తక్కువేం కాదు. దాన్ని మెత్తగా మర పట్టించి, ఉడికించి, నమిలే పని లేకుండా తాగేస్తే ఇంకా త్వరగా రక్తంలోకి చేరుతుంది. బెల్లం వేస్తుంటే ఇక చెప్పేదేముంది! మీ 30/70లోని రెగ్యులర్ పని మొదలుపెట్టడానికి అరగంట పడుతుంది, జావ అంతకన్నా ముందుంటోంది. సూది వేసుకున్న అరగంటకు తీసుకోండి. పిండి 30 గ్రాములు మించకుండా, మజ్జిగ కలిపి, పక్కన ఉడికించిన గుడ్డో గుప్పెడు శనగ గుగ్గిళ్లో పెట్టుకోండి. అదే పిండితో రొట్టె చేసుకున్నా మేలే. పిండి సగానికి తగ్గిస్తుంటే మాత్రం, ఉదయం యూనిట్లు ఎంత తగ్గించాలో ముందే డాక్టరును అడిగి మొదలుపెట్టండి.