మేడగదికి కరెంటు తీగల మీదుగా ఇంటర్నెట్: మీ వైరింగ్ సహకరిస్తుందా?

ప్రశ్న: మాది నరసన్నపేట. కింది వాటాలో వీధి గదిలో ఫైబర్ రౌటర్ ఉంది, ప్లాన్ 100 ఎంబీపీఎస్. మేడ మీద వెనక గదిలో మా అబ్బాయి ఇంటి నుంచే కంపెనీ పని చేస్తున్నాడు. అక్కడ వైఫై 5, 6 ఎంబీపీఎస్ మించి రావడం లేదు. కరెంటు వైర్ల ద్వారా నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు పెడితే వేగం పెరుగుతుందని తెలిసినవారు చెప్పారు. కొనవచ్చా?

జవాబు: ముందుగా లాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలిపి వేగం చూడండి. అక్కడ 90 ఎంబీపీఎస్‌కు అటూ ఇటూగా వస్తే లైన్ బాగానే ఉన్నట్టు. రౌటర్‌కూ మేడగదికీ మధ్యనున్న కాంక్రీటు స్లాబు, గోడలే వైఫైని అడ్డుకుంటున్నాయి. రౌటర్ దగ్గరే వేగం లేకపోతే ఆపరేటర్‌కు ఫిర్యాదు చేయడం తప్ప వేరే దారి లేదు, ఎందుకంటే పవర్‌లైన్ అడాప్టర్ ఉన్న నెట్‌ను మరో గదికి చేరవేస్తుందే తప్ప దానికి వేగం కలపదు.

ఈ అడాప్టర్లు జతగా వస్తాయి. ఒకదాన్ని రౌటర్ పక్కనున్న సాకెట్టులో పెట్టి లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలపాలి, రెండోదాన్ని మేడగది సాకెట్టులో పెట్టి దాని నుంచి లాప్‌టాప్‌కు కేబుల్ తీసుకోవాలి. 230 వోల్టుల కరెంటు 50 హెర్ట్జ్ దగ్గర ప్రవహిస్తుంటే, అదే తీగ మీద సుమారు 2 నుంచి 28 మెగాహెర్ట్జ్ మధ్య, ఈ అడాప్టర్ల కొత్త ప్రమాణమైన హోమ్‌ప్లగ్ ఏవీ2 రకంలోనైతే 86 మెగాహెర్ట్జ్ దాకా, డేటా సంకేతాలు నడుస్తాయి కనుక ఒకదానికొకటి అడ్డురావు. పెట్టె మీద రాసే 600, 1200, 2000 అంకెలు మాత్రం ఇంట్లో అందే వేగాలు కావు. ఆ అంకెలో మూడో వంతు చేతికి వస్తే బాగా వచ్చినట్టే. పైగా 600 రకం అడాప్టర్లలో చాలావాటికి ఉండే లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌ది మాత్రమే. కొనాలనే నిర్ణయించుకుంటే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టు ఉన్న 1200 రకాన్ని చూడండి.

అయితే ఫలితాన్ని తేల్చేది అడాప్టర్ ధర కాదు, మీ ఇంటి వైరింగ్. మన ఊళ్లలో మేడ వేసినప్పుడు, రేపు అద్దెకిచ్చినా ఇబ్బంది ఉండకూడదని పై వాటాకు విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ నుంచి వేరే మీటరు తీసుకోవడం మామూలే. అలా ఉంటే సంకేతం కింది మీటరు దాటి బయటి సర్వీసు వైరు మీదుగా పై మీటరులోకి రావాలి; అది చాలా ఇళ్లలో రాదు, వచ్చినా పనికొచ్చే వేగం మిగలదు. కింది మెయిన్ ఆపి, మేడ మీద ఫ్యాను తిరుగుతోందేమో చూస్తే ఈ సంగతి తేలిపోతుంది. మీటరు ఒకటే అయినా అది త్రీఫేజు సర్వీసు అయితే, రెండు గదులూ ఒకే ఫేజు మీద ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి. ఫేజులు వేరైతే సంకేతం బాగా బలహీనపడుతుంది.

ఎవరూ గమనించని చిక్కు ఇన్వర్టర్‌తో వస్తుంది. కరెంటు పోయినా నెట్ పోకూడదని రౌటర్ సాకెట్టును ఇన్వర్టర్ లైనులోకి మారుస్తాము, మేడగదిలోని ప్లగ్గు మాత్రం నేరుగా మెయిన్ లైను మీదే ఉండిపోతుంది. అప్పుడు రెండు అడాప్టర్ల నడుమ ఇన్వర్టర్ అడ్డుపడి సంకేతాన్ని తగ్గిస్తుంది, కరెంటు పోయిన క్షణాన మేడ మీది అడాప్టర్ ఎలాగూ ఆరిపోతుంది. రెండింటినీ ఒకే లైను మీద ఉంచాలి. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులోగానీ యూపీఎస్‌లోగానీ పెట్టకూడదు, వాటిలోని ఫిల్టర్ సంకేతాన్నే మింగేస్తుంది. పక్క సాకెట్టులో నాసిరకం మొబైల్ ఛార్జరు, అదే లైను మీద చవక ఎల్‌ఈడీ బల్బు ఉన్నా వేగం పడిపోవచ్చు. సోంపేట, కళింగపట్నం వంటి తీరప్రాంతాల ఇళ్లలోనైతే ఉప్పుగాలికి స్విచ్‌బోర్డు లోపల చిలుము పట్టి కనెక్షన్లు వదులవుతుంటాయి. అలాంటి బోర్డును ముందు బాగు చేయించండి. అది నెట్ కోసం కాకపోయినా ఇంటి భద్రత కోసం చేయించవలసిన పనే.

ఇంత చెప్పాక నా సలహా ఒకటే: సొంత ఇల్లు అయితే అడాప్టర్ల జోలికి పోకుండా మేడ మీదికి క్యాట్6 రకం లాన్ కేబుల్ లాగించండి. 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగం తగ్గదు, మీ ఇంటికి అంత పొడవు అవసరమూ రాదు. అల్యూమినియం మీద రాగి పూత పూసిన చవక కేబుల్ వద్దు, పూర్తి రాగిదే అడగండి. గోడ వెలుపల వెళ్లేటట్టయితే ఎండావానలకు తట్టుకునే నల్లతొడుగు రకం తీసుకోండి. కరెంటు వైర్లున్న పైపులోంచి దీన్ని ఎట్టి పరిస్థితిలోనూ లాగనివ్వకండి. పిడుగులు పడేటప్పుడు రెండు చివరలా కేబుల్ ఊడదీయండి. మేడ మీద పాత రౌటర్ ఏదైనా ఉంటే, దానిలో డీహెచ్‌సీపీ (పరికరాలకు నెట్‌వర్క్ చిరునామాలు పంచే సదుపాయం) ఆపి, వైఫైని మాత్రమే అందించే యాక్సెస్ పాయింటుగా పెడితే అబ్బాయి ఫోనుకు కూడా అక్కడి నుంచే వైఫై అందుతుంది. అద్దె ఇల్లు కావడం వల్ల గోడకు రంధ్రం పెట్టనివ్వకపోతే, మీటరు ఒకటే అయి ఉంటే, అప్పుడు పవర్‌లైన్ అడాప్టర్లు ప్రయత్నించవచ్చు. నచ్చకపోతే వెనక్కి తీసుకునే దుకాణంలోనే కొనండి, మన సాకెట్టుకు సరిపోయే ప్లగ్గు ఉందో లేదో చూసి మరీ తీసుకోండి.

ప్రశ్న: విజయనగరంలో అపార్ట్‌మెంటులో ఉంటున్నాము. పవర్‌లైన్ అడాప్టర్ వాడితే పక్క ఫ్లాటువాళ్లు మా నెట్ వాడుకోగలరా?

జవాబు: సంకేతం కొద్దిగా పక్క ఫ్లాటు వైర్లలోకి వెళ్లే అవకాశం ఉంది. హోమ్‌ప్లగ్ ఏవీ అడాప్టర్లు 128 బిట్ ఏఈఎస్ పద్ధతిలో డేటాను గుప్తీకరిస్తాయి, కానీ ఫ్యాక్టరీలో పెట్టిన ఒకే నెట్‌వర్క్ పేరుతో, ఒకే తాళంతో (గుప్తీకరణ పాస్‌వర్డుతో) వచ్చిన అడాప్టర్లు వాళ్ల ఇంట్లోనూ ఉంటే రెండూ కలిసిపోవచ్చు. కొన్న రోజే మొదటి అడాప్టర్ మీది పెయిర్ బటన్ నొక్కి, రెండు నిమిషాలలోపు రెండోదాని బటన్ కూడా నొక్కండి. అప్పుడు ఆ జతకు మాత్రమే చెందిన కొత్త తాళం ఏర్పడుతుంది. ఇతరులు వాడిన అడాప్టర్ కొన్నట్టయితే ముందు దాన్ని రీసెట్ చేసి, తరువాత జతపరచండి.