కోవిడ్ తగ్గింది సరే, మాయకు (ప్లాసెంటాకు) సోకిందో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: నాకు ఏడో నెల. మూడు వారాల కిందట కోవిడ్ పాజిటివ్ వచ్చింది. రెండు రోజులు జ్వరం, కొంచెం దగ్గు, అంతే. ఇప్పుడు నెగెటివ్. కానీ వైరస్ మాయలోకి వెళ్తే కడుపులో బిడ్డకు ముప్పని చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్. మాయకు సోకిందో లేదో ఇప్పుడే తెలుసుకునే పరీక్ష ఉందా? ఉమ్మనీరు తీసి చూడొచ్చా?

జవాబు: లేదమ్మా, బిడ్డ కడుపులో ఉండగా మాయకు వైరస్ సోకిందని తేల్చి చెప్పే పరీక్ష ఏదీ లేదు. స్కానింగ్‌లో వైరస్ కనపడదు, మీ రక్తం చూసి చెప్పలేం, ముక్కులో స్వాబ్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన మాయ సంగతి తెలిసిపోదు. ఇక ఉమ్మనీరు అంటారా, పొట్టలోంచి సూది గుచ్చి తీయాలి, గర్భానికి కొద్దిపాటి రిస్క్ ఉంటుంది. అందులో వైరస్ దొరక్కపోతే మాయ బాగున్నట్టు కాదు, దొరికితే మాయలోంచి దాన్ని తీసేసే మందూ లేదు. ఈ ఒక్క కారణానికి ఎవరైనా ఆ పరీక్ష చేయించమంటే నేనైతే వద్దంటాను.

కచ్చితంగా తెలిసేది కాన్పు అయ్యాకే. మాయలోంచి చిన్న ముక్కలు తీసి, పల్చటి పొరలుగా కోసి పాథాలజిస్టు మైక్రోస్కోపు కింద చూస్తారు. వైరస్ దెబ్బతీసిన మాయలో మూడు మార్పులు కలిసి కనిపిస్తాయి. బిడ్డకు ఆక్సిజన్ అందించే సన్నటి కొమ్మల్లాంటి భాగాల చుట్టూ ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పీచులాంటి పదార్థం) గట్టిగా పేరుకుపోతుంది, వాటి మధ్య ఖాళీల్లో రోగనిరోధక కణాలు గుంపులుగా చేరతాయి, వాటి పైపొర కణాలు చచ్చిపోతాయి. ఆ తర్వాత వైరస్ ప్రోటీన్లకు అంటుకునే యాంటీబాడీలతో రంగు వేసి, వైరస్ ఆ కణాల్లోనే ఉందా అన్నది చూస్తారు. మాయకు ఒట్టి పీసీఆర్ చేసి పాజిటివ్ అంటే నేను పూర్తిగా నమ్మను, ఎందుకంటే కాన్పు సమయంలో తల్లి రక్తం, స్రావాలు మాయకు అంటుకుంటాయి. వైరస్ జాడ ఉందని పీసీఆర్ చెబుతుంది గానీ ఎక్కడుందో చెప్పదు.

మీరు చదివిన భయపెట్టే వార్త బహుశా 2022లో వచ్చిన ఒక అధ్యయనం గురించి అయ్యుంటుంది. 12 దేశాల నుంచి 68 కేసులు, అన్నీ బిడ్డ కడుపులోనే చనిపోయినవి లేదా పుట్టిన కొద్ది రోజులకే పోయినవి. వాటిలో సగటున మాయ 77.7 శాతం పాడైపోయింది. చాలావరకు బిడ్డలకు వైరస్ తగలడం వల్ల కాదు, మాయ పనిచేయక ఆక్సిజన్ అందకపోవడం వల్లే ప్రాణాలు పోయాయి. ఆ తల్లులెవరూ టీకా వేయించుకోలేదు. అయితే అది చెడు జరిగిన కేసులనే ఏరి చూసిన అధ్యయనం, కోవిడ్ వచ్చిన ప్రతి గర్భిణికీ వర్తించే లెక్క కాదు. అమెరికాలో 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబరు వరకు ఆసుపత్రుల్లో జరిగిన కాన్పులు చూస్తే, కాన్పు నాటికి కోవిడ్ ఉన్నవాళ్లలో మృతశిశువులు 1.26 శాతం, లేనివాళ్లలో 0.64 శాతం. డెల్టా రకం వైరస్ ప్రబలిన రోజుల్లో కోవిడ్ ఉన్నవాళ్లలో ఇది 2.70 శాతానికి పెరిగింది. రిస్క్ పెరిగిన మాట నిజమే, కానీ అప్పుడు కూడా అత్యధికులకు బిడ్డ ప్రాణాలతోనే పుట్టింది.

ఇంకో సంగతి, మాయ దెబ్బతిన్న కేసుల్లో ఎక్కువగా ఇబ్బంది బయటపడింది తల్లికి సోకిన తొలి రెండు మూడు వారాల్లోనే. మీరు దాదాపు ఆ గట్టు దాటేశారు. అలాగని ఏమరపాటు వద్దు, తల్లికి జబ్బు తేలికగా వచ్చినా మాయ దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి. రోజూ బిడ్డ బాగా కదిలే వేళలో ఎడమ పక్కకు తిరిగి పడుకుని కదలికలు లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కూడా రాకపోయినా, రోజూ ఉన్నట్టు లేదని మీకు అనిపించినా రేపు చూద్దామనుకోకుండా అప్పుడే ఆసుపత్రికి వెళ్లండి, అర్ధరాత్రయినా సరే. ఇంట్లో గుండె చప్పుడు వినే మెషిన్ కొనుక్కుని అంతా బాగుందని సర్దిచెప్పుకోవద్దు. బిడ్డ ఎదుగుదల, బొడ్డుతాడు రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కానింగ్ అవసరమా అని మీ డాక్టర్‌ని అడగండి.

మాయను ల్యాబ్‌కు పంపాలా అంటే, నెలలు నిండి బిడ్డ ఆరోగ్యంగా పుడితే నేను పట్టుబట్టను. బరువు బాగా తక్కువున్నా, నెలలు నిండకుండా పుట్టినా, కాన్పు సమయానికి మీకు మళ్లీ పాజిటివ్ వచ్చినా పంపడం మంచిది. ఈ మాట ముందే కేస్ షీట్‌లో రాయించండి, లేకపోతే మాయ ఆసుపత్రి వ్యర్థాల్లో వెళ్లిపోతుంది. పీసీఆర్ కూడా కావాలంటే ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే ద్రవంలో) వేయకముందే ఒక ముక్క విడిగా తీసిపెట్టాలి.

కోవిడ్ ఉధృతంగా ఉన్న రోజుల్లో, కాన్పప్పుడు తల్లికి పాజిటివ్ ఉంటే బిడ్డకు పుట్టిన 24 గంటలకు ఒకసారి, అప్పుడు నెగెటివ్ వస్తే 48 గంటలకు ఇంకోసారి స్వాబ్ పరీక్ష చేయమనేవారు; ఇప్పుడు అవసరమా అన్నది మీ డాక్టర్‌ని అడగండి. పాజిటివ్ ఉన్నా మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని మీ పాలు పట్టొచ్చు.