ఆటోమేటిక్ బ్యాకప్ రోజూ మధ్యలో ఆగిపోతోంది, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మార్చాలా?

మార్చకండి. డిస్క్‌లోంచి టక్‌టక్‌మని చప్పుడొస్తుంటే వేరే సంగతి, అప్పుడు డిస్కే పోతున్నట్టు. లేదంటే రోజూ ఒకే చోట ఆగుతోందా, రోజుకో చోట ఆగుతోందా అన్నది ముందు చూడండి. రోజుకో చోటైతే కేబులో, కరెంటో, కంప్యూటర్ స్లీప్‌లోకి పోవడమో అయ్యుంటుంది. ఒకే చోటైతే ఏదో ఒక ఫైలు అడ్డం పడుతున్నట్టే.

కడపలో మా మేనమామ ఇంట్లో అదే జరిగింది. ఆయన పొలం కాగితాలు, పాసు పుస్తకాలు, ఇంటి పన్ను రసీదులు అన్నీ స్కాన్ చేసి పెట్టుకునే మనిషి. "రేయ్ అబ్బీ, ఇది నిన్నట్నుంచీ అరవై ఒకటి దగ్గరే నిలబడుకోనుండాది రా" అని ఫోన్ చేశాడు. అప్పటికే ఏడురోడ్ల దగ్గర ఒక షాపాయన చూసి, డిస్క్ పోయింది, కొత్తది తీసుకోండి అన్నాడట. ప్రాపర్టీస్ కూడా తెరవకుండానే! ఈ షాపులవాళ్లకు రిపేరు కంటే అమ్మకం మీదే ధ్యాస.

నేను వెళ్లి శాతం సంగతి పక్కనపెట్టి లాగ్ (ఏ ఫైలు ఎప్పుడు కాపీ అయిందో సాఫ్ట్‌వేర్ రాసుకునే చిట్టా) తెరిచాను. ఆ శాతాన్ని నమ్మేవాడంత అమాయకుడు ఇంకొకడుండడు. లాగ్‌లో చివరి వరుసలో మా మరదలి పెళ్లి వీడియో పేరుంది. మూడు గంటల పెళ్లి, ఒకటే ఫైలు, 11 జీబీ. డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లను సర్దిపెట్టే పద్ధతి) దగ్గర ఫ్యాట్32 అనే పాత పద్ధతి పేరుంది. టీవీకి తగిలించి పాత సినిమాలు చూడటానికని ఎవరో అలా ఫార్మాట్ చేసిచ్చారు. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు, డిస్క్‌లో ఎంత ఖాళీ ఉన్నా సరే. ఆయన వాడే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఆ ముక్క స్క్రీన్ మీద చెప్పి చావదు, ఊరికే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది.

డిస్క్‌లో ఉన్నవి కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, ఆ 4 జీబీ హద్దు లేని ఎన్‌టీఎఫ్ఎస్‌ పద్ధతిలో ఫార్మాట్ చేసి, బ్యాకప్ మళ్లీ మొదలుపెట్టాం. అత్త పెట్టిన ఉగ్గాని బజ్జీ తినేలోగా అరవై ఒకటి దాటింది. (ఫార్మాట్ ఇష్టం లేకపోతే విండోస్‌లో కన్వర్ట్ కమాండ్ ఉంది, ఫైళ్లు పోకుండానే మారుస్తుంది. అయినా ముందు కాపీ తీసుకోండి.)

అసలు ఈ పెళ్లి వీడియోల వాళ్లననాలి. ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతలు విడివిడి ఫైళ్లుగా ఇస్తే వాళ్ల సొమ్మేం పోయింది? అడిగితే "ఆల్బమ్ ప్యాకేజీలో అది రాదు సార్" అంటారు.

మీది ల్యాప్‌టాప్ అయితే ఇంకొకటి చూడండి. విండోస్‌లో పనుల్ని వేళకు వాటంతటవే నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో ఛార్జర్ పెట్టినప్పుడే నడవాలన్న షరతు మామూలుగా టిక్ అయ్యే ఉంటుంది. మన ఊళ్లలో కరెంటు పోయిందంటే బ్యాకప్ కూడా ఆగినట్టే. ఆ టిక్ తీసేయండి. బ్యాకప్ పూర్తయ్యాక ఒక్క ఫైలైనా వెనక్కి తీసి తెరిచి చూడండి. మామ ఆ రోజు తన పాసు పుస్తకం తెరిచి, సర్వే నంబరు కనపడేదాకా నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు.