మొదటి కాన్పులో బీపీ.. రెండోసారీ వస్తుందా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మొదటి కాన్పులో ఎనిమిదో నెలలో బీపీ పెరిగి, 35వ వారంలోనే ఆపరేషన్ చేసి బాబును తీశారు. బరువు 1.8 కిలోలే. ఇప్పుడు వాడికి 13 నెలలు, బాగున్నాడు. మాది మేనరికం. ఈమధ్య పరీక్షలో హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది. నేను సరిగా తినకపోవడం వల్లే పిల్లాడు చిన్నగా పుట్టాడని ఇంట్లో అంటున్నారు. ఇంకో బిడ్డ కోసం ప్రయత్నించవచ్చా? మళ్లీ అలాగే అవుతుందా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు రాసిన దాన్నిబట్టి బాబు బరువు తగ్గడానికి తిండి కంటే బీపీయే ముఖ్య కారణంగా కనిపిస్తోంది. ఈ రకం బీపీ ఎనిమిదో నెలలో బయటపడినా, గొడవ తొలి నెలల్లోనే మొదలై ఉంటుంది. మాయకు రక్తం తెచ్చే నాళాలు తగినంతగా విచ్చుకోవు. రక్తం చాలక బిడ్డ ఎదుగుదల మందగిస్తుంది. మీరు మరో రెండు ముద్దలు ఎక్కువ తిన్నా అది ఆగేది కాదు. ఈ మాట ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి.

బీపీ వల్ల 34-37 వారాల మధ్య కాన్పు చేయాల్సి వచ్చినవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి మళ్లీ వస్తుంది. ఈ ముప్పు తగ్గించడానికే 12వ వారం నుంచి తక్కువ మోతాదు ఆస్ప్రిన్ ఇస్తాం. 16 వారాలు దాటాక మొదలుపెడితే అంత ఫలితం ఉండదు. దిష్టి తగులుతుందని ఐదో నెల దాకా గుట్టుగా ఉంచి, అప్పుడు ఆస్పత్రికి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చుట్టాలకు చెప్పకపోతే పోయె, డాక్టరుకు మాత్రం నెల తప్పగానే చెప్పండి. ఆస్ప్రిన్ మీ అంతట మీరు కొనుక్కుని వేసుకోకండి.

అయితే ఇప్పుడే తొందరపడొద్దు. కాన్పుకూ మళ్లీ గర్భానికీ మధ్య కనీసం రెండేళ్ల ఎడం ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మీకు ఆపరేషన్ కూడా అయింది. ఇంకో ఏడాది ఆగండి, ఈలోగా రక్తం పెంచుకోండి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11కు తగ్గకూడదు. 8.9తో మొదలుపెడితే నెలలు నిండేకొద్దీ రక్తం పలచబడి ఇంకా దిగుతుంది. నెలలు నిండకుండా కాన్పు కావడానికి, బిడ్డ బరువు తగ్గడానికి అదొక్కటే చాలు. ఐరన్ మాత్రను టీ, కాఫీలతో గానీ కాల్షియం మాత్రతో గానీ కలిపి వేసుకోకండి. నిమ్మరసంతో వేసుకుంటే బాగా ఒంటపడుతుంది. అంకె పెరిగాక కూడా మూడు నెలలు ఆపొద్దు.

నెల రోజులు సక్రమంగా వాడినా హిమోగ్లోబిన్ కదలకపోతే తలసీమియా (తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్త జబ్బు) పరీక్ష చేయించండి. మేనరికం కాబట్టి మీ విషయంలో ఇది మరీ ముఖ్యం. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే, అంటే జబ్బు లేకపోయినా దాని జన్యువు ఇద్దరిలోనూ ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

బీపీ మాత్రలు ఇంకా వాడుతున్నారా? టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వంటివి గర్భంలో పనికిరావు. గర్భానికి ముందే డాక్టరును అడిగి మార్పించుకోండి. ఫోలిక్ యాసిడ్ కనీసం నెల ముందు నుంచి వేసుకోవాలి. మీవారికి సిగరెట్ అలవాటుంటే ఇంట్లో ఆ పొగ ఉండకూడదు. షుగర్, థైరాయిడ్ పరీక్షలు ఎలాగూ తప్పవు.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు డాక్టర్లు ఉచితంగా పరీక్షలు చేస్తారు. మీకు మాత్రం ఐదో నెల దాటాక నెలకోసారి చాలదు, ఇంట్లో బీపీ మిషన్ పెట్టుకోండి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పైకడుపులో నొప్పి, ఉన్నట్టుండి ముఖం వాపు, బిడ్డ కదలికలు తగ్గడం.. వీటిలో ఏది కనిపించినా చెకప్ తేదీ కోసం చూడకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.