ఉకులేలే మీద మేనల్లుడు కూర్చున్నాడు

ప్రశ్న: నాది చేత్తో చేసిన టెనార్ ఉకులేలే అండీ, గిటార్ లాంటి నాలుగు తీగల చిన్న వాయిద్యం, ఆర్డర్ ఇచ్చి ఏడు నెలలు ఆగి చేయించుకున్నా. మొన్న వాయిస్తుంటే ఫోనొస్తే సోఫాలో పెట్టి లేచా, ఈలోగా మా మేనల్లుడు చూసుకోకుండా దాని మీద కూర్చున్నాడు. తీగలు కట్టే బ్రిడ్జ్ పక్కనుంచి కింది అంచు దాకా పైచెక్క నిలువునా పగిలింది, మధ్యలో ఉండే గుండ్రటి రంధ్రం, అదే సౌండ్ హోల్ దగ్గర గోరంత ముక్క ఊడింది. వేలితో నొక్కితే పగులు తెరుచుకుంటోంది. ఇంట్లో సూపర్ గ్లూ ఉంది, వేసేయనా? చేసినాయనకి చెప్పాలంటే మొహం చెల్లట్లేదు. వాడేమో రెండ్రోజులుగా నాకు కనపడకుండా తిరుగుతున్నాడు.

జవాబు: ముందు ఆ సూపర్ గ్లూ ఎక్కడిదక్కడ పెట్టేయండి, రెండోది వేలితో నొక్కి చూడ్డం ఆపేయండి. నొక్కిన ప్రతిసారీ పగులు అంచుల్లో ఉన్న సన్నటి నార నలిగిపోతుంది, రేపు ఆ రెండంచులు కలిపితే గీతలా కలవాల్సింది కాస్తా కలవదు, పైగా చేతి జిడ్డు లోపలికి పోతే జిగురు సరిగా పట్టదు. సూపర్ గ్లూని రిపేర్ చేసేవాళ్ళు అసలు వాడరని కాదు, చిన్న చిన్న చోట్ల వాడతారు, కానీ అది నీళ్ళలా పల్చన, క్షణాల్లో బిగిసిపోతుంది, అంచులు కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు బిగిసిందా ఇక అంతే, చుట్టూ పాలిష్ కూడా పాడవుతుంది. ఆ తర్వాత అసలైన జిగురు వేద్దామన్నా చెక్క పీల్చుకోదు. నన్నడిగితే వాయిద్యాలకి కూర్చున్నవాళ్ళ వల్ల జరిగే నష్టం కన్నా ఆ తర్వాత అరగంటలో ఓనర్ చేసే వైద్యం వల్లే ఎక్కువ నష్టం.

తీగలు నాలుగూ కొంచెం కొంచెంగా వదులు చేయండి, ఒకటి పూర్తిగా వదిలి ఇంకోటి మొదలుపెట్టకండి. ఉకులేలే పైచెక్క మందం 2 మిల్లీమీటర్లు అటూ ఇటూ, పగిలాక కూడా తీగలు బ్రిడ్జ్‌ని లాగుతూనే ఉంటాయి. ఊడిన ముక్క, సోఫా కింద దొరికే పీచు లాంటి పుల్లలు కూడా ఒక కవర్లో వేసి ఉంచండి, చెత్తనుకోకండి, సౌండ్ హోల్ అంచుకి కొత్త చెక్క కన్నా దాని ముక్క దానికి పెడితేనే అందం. పగులు మీద టేప్ అంటించొద్దు, పీకేటప్పుడు పాలిష్ కూడా లేచొస్తుంది.

మీరు చెప్పినదాన్ని బట్టి పగులు గ్రెయిన్ వెంబడే, అంటే చెక్క నార ఉన్న దిక్కునే పోయింది, ఇది మంచి వార్తే. అడ్డంగా విరిగితే నార తెగిపోతుంది, నిలువుగా అయితే విడిపోతుంది అంతే, విడిపోయింది అతుక్కుంటుంది. నా భయమంతా లోపలి బ్రేసుల గురించి. మనిషి బరువు పడింది కాబట్టి పైచెక్కకి లోపల అంటించిన ఆ సన్న కర్రలు ఊడి ఉండొచ్చు. చిన్న అద్దం, ఫోన్ లైటు పెట్టి సౌండ్ హోల్లోంచి చూడండి, పగులుకి దూరంగా వేలి గోటితో మెల్లగా తట్టండి, ఎక్కడన్నా జర్రుమని వదులు శబ్దం వస్తే అక్కడ ఏదో ఊడిందన్నమాట. బ్రేస్ ఊడి ఉంటే ఇంట్లో చేసుకునే పని కాదు.

రిపేర్ ఎలా ఉంటుందంటే, పగులులోకి చెక్క జిగురో లేక పశువుల తోళ్ళు ఉడికించి తీసే హైడ్ గ్లూనో ఎక్కించి, అంచులు సమానంగా కలిపి, మైనం కాగితం అడ్డుపెట్టి మెత్తగా క్లాంప్ (బిగించి పట్టుకునే పట్టు) వేస్తారు, గట్టిగా బిగిస్తే జిగురంతా బయటికి వచ్చేస్తుంది. కారింది తడిగుడ్డతో తుడిచి ఒక రోజు కదపకుండా వదిలేస్తారు. ఆ తర్వాత లోపలివైపు పగులుకి అడ్డంగా పల్చటి చెక్క బిళ్ళలు, క్లీట్స్ అంటారు, వరసగా అతికిస్తారు. సౌండ్ హోల్లోంచి క్లాంప్ అందని చోట లోపలొక అయస్కాంతం బయటొక అయస్కాంతం పెట్టి బిళ్ళని పట్టి ఉంచుతారు, నాకు ఈ పనిలో చూడ్డానికి బాగా నచ్చేది ఇదే. బిళ్ళలు మరీ మందంగా ఉంటే మాత్రం చెక్క ఊగదు, మోత మూగబోతుంది.

గీత కనపడకుండా పోతుందా అంటే పాలిష్‌ని బట్టి. షెల్లాక్, అంటే లక్కతో చేసే పాలిష్ అయితే కొత్త పూత పాతదాంట్లో కరిగి కలిసిపోతుంది, ప్లాస్టిక్ లాంటి పాలీయురెథేన్ అయితే కలవదు, దగ్గరగా చూస్తే తెలుస్తుంది. మీదేదో మీకు తెలీదు కదా, చేసినాయనకి తెలుసు. ఏ జిగురు వాడాడో తెలుసు, అదే పలక ముక్క మిగిలి ఉన్నా ఉండొచ్చు. అందుకే మొహమాటం వదిలి ఈరోజే ఫోన్ చేయండి, ఫోటోలు పంపండి, ఆయన ఇంతకన్నా ఘోరాలు చూసే ఉంటాడు. అసలీ వాయిద్యం పుట్టిందే ఫర్నిచర్ చేసేవాళ్ళ చేతుల్లో, 1879లో మదీరా దీవి నుంచి రేవెన్స్‌క్రాగ్ ఓడలో హవాయిలోని హొనొలులు వచ్చిన నూనెస్, డయాస్, ఎస్పిరిటో శాంటో ముగ్గురూ చెక్కపనివాళ్ళే. అమెరికాలో గిటార్లు చేసే మార్టిన్ కంపెనీ 1916 ప్రాంతంలో చేసినవి పగుళ్ళు అతికించుకుని ఇప్పటికీ మోగుతున్నాయి.

మేనల్లుడిని పిలిచి ఆ అద్దం, లైటు వాడి చేతికివ్వండి. సోఫాలో పెట్టింది మీరే కదండీ.

ప్రశ్న: నా ఉకులేలే మీద ఎవరూ కూర్చోలేదు, గోడకి తగిలించిందే, అయినా వెనక చెక్క మీద సన్నగా పగిలింది. ఎందుకు?

జవాబు: గాలి పొడిబారి ఉంటుంది. చెక్క ఆరితే అడ్డంగా కుంచించుకుపోతుంది, చుట్టూ అంటించి ఉంది కాబట్టి కదలడానికి చోటులేక చీలుతుంది. వెంటనే జిగురు వేయకండి. ఉకులేలే పెట్టె కేసులో తేమనిచ్చే హ్యుమిడిఫయర్ పెట్టి తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా రెండు వారాలు ఉంచండి, చాలాసార్లు పగులు దానంతటదే దగ్గరపడుతుంది, అప్పుడు అతికించాలి. ఎండినప్పుడే అతికిస్తే తేమొచ్చాక ఇంకోచోట ఉబ్బుతుంది. హీటర్ పక్క గోడ అయితే ముందు ఆ మేకు మార్చండి.