‘అన్నీ ఆడపిల్లలేనా?’ అంటే ఏం చెప్పాలి?

సందేహం: తిరుపతి నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు. “మాకు ఐదుగురు ఆడపిల్లలు. పెళ్లికి పోయినా, చిత్తూరు బస్సెక్కినా ఎవరో ఒకరు ‘అన్నీ ఆడపిల్లలేనా?’ అంటారు. లేకపోతే ‘గంపెడు పిల్లల్ని ఎట్లా సాకుతా ఉండావమ్మా?’ అంటారు. కోస్తా నుంచి వచ్చిన మా పక్కింటావిడ, ‘సాకడం’ గొడ్లకు వాడే మాట, అది అవమానమే అంటోంది. ఈ మాటల్లో నిజంగా తప్పుందా, నా మనసుకే అట్లా తోస్తోందా? గొడవ కాకుండా ఏమని బదులివ్వాలి? ఇంకొకటి, ఐదుగురు అనాలా, అయిదుగురు అనాలా, ఐదుమంది అనాలా?”

సమాధానం: అమ్మా, మీ మనసుకు తోచింది వట్టిది కాదు. అయితే ముల్లు మీ పక్కింటావిడ చూపించిన చోట లేదు. ‘సాకడం’లో తప్పేమీ లేదు. తప్పున్నది ‘అన్నీ’లో.

తెలుగులో మనుషుల్ని లెక్కపెట్టే మాటలు వేరు, తక్కినవాటిని లెక్కపెట్టే మాటలు వేరు. గొర్రెలైతే ఎన్ని, మనుషులైతే ఎంతమంది. కొన్ని పుస్తకాలు, కొందరు పిల్లలు. మూడు చెట్లు, ముగ్గురు అక్కచెల్లెళ్లు. అలాగే అన్నీ, అందరూ. ‘అన్నీ వచ్చాయి’ అంటే వచ్చినవి సామాన్లో పశువులో అయి ఉండాలి. మనుషులైతే ‘అందరూ వచ్చారు’.

ఆడవాళ్ల విషయంలో ఈ తేడాకు ఇంకో బరువుంది. ‘కూతురు వచ్చింది’, ‘దూడ వచ్చింది’. రెండు చోట్లా క్రియ ఒకటే. కొడుకైతే ‘వచ్చాడు’. అంటే తెలుగు క్రియ ఏకవచనంలో ఆడమనిషిని పశువుల నుంచీ వస్తువుల నుంచీ విడదీసి చూపదు. బహువచనంలో మాత్రం లెక్క మారుతుంది. దూడలు వచ్చాయి, కూతుళ్లు వచ్చారు. స్త్రీవాచకం ఏకవచనంలో జంతువులతో, జడాలతో సమానంగానూ బహువచనంలో పురుషవాచకంతో సమానంగానూ నడుస్తుందని మన వ్యాకరణాలు చెప్పేది దీన్నే. ఆడపిల్లకు క్రియలో మనిషి లెక్క దక్కేది బహువచనంలోనే. అక్కడ కూడా ‘అన్నీ’ అంటే దక్కిన ఆ కాస్తా పోతుంది. మీకు గుచ్చుకున్నది అదే. మీ చెవి సరిగ్గానే విన్నది.

అన్నవాళ్లందరూ దురుద్దేశంతో అన్నారని దీనికి అర్థం కాదు. ‘పిల్ల’ అనే మాటే ఈ జారుడుకు చోటిస్తుంది. కుక్కపిల్ల, మేకపిల్ల, కోడిపిల్ల, చేపపిల్ల అన్నింటికీ అదే మాట కావడంతో, నోరు అలవాటుగా ‘ఎన్ని పిల్లలు’, ‘రెండు పిల్లలు’ అనేస్తుంది. మగపిల్లల్ని కూడా ‘అన్నీ మగపిల్లలే’ అనేవాళ్లున్నారు, తప్పు అక్కడా తప్పే. మధ్యస్థంగా ‘అంతా ఆడపిల్లలే’ అనే వాడుక ఉంది. ‘అంతా’ మనుషులకూ వస్తువులకూ చెల్లుతుంది కాబట్టి అందులో ముల్లు లేదు.

‘ఆడపిల్లలేనా’లో ఉన్న ‘ఏ’ను కూడా చూడండి. వ్యాకరణంలో దీన్ని అవధారణ అంటారు. ఒకదాన్ని గట్టిపరుస్తూ మిగతావాటిని తోసేస్తుంది. ‘ఆడపిల్లలేనా’ అంటే ‘మగపిల్లలు లేరా’ అని ఆ ఒక్క అచ్చులోనే అడిగేసినట్టు. దానికి మీరు ‘అవును’ అని ఊరుకుంటే ఆ లేమిని ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది. ‘మగపిల్లలెందుకు?’ అని ఎదురడిగితే వాదం మొదలవుతుంది. అదే వాక్యాన్ని మనిషి లెక్కలోకి తిప్పి ఇచ్చేయండి: “అవునత్తా, ఐదుగురూ ఆడబిడ్డలే.” ఇక్కడ మూడు మార్పులు జరిగాయి. ‘అన్నీ’ పోయి ‘ఐదుగురూ’ వచ్చింది. చివరి దీర్ఘం ‘ఒక్కరూ తగ్గకుండా’ అనే అర్థాన్నిచ్చింది. లేమిని ఎత్తిచూపిన ‘ఏ’ మీ నోట నిండుదనాన్ని చెప్పింది. పెళ్లిపందిట్లో పెద్దవాళ్లతో ‘అన్నీ కాదు, అందరూ అనాలి’ అని మాత్రం అనకండి. సరైన రూపం చెవిన పడితే చాలు, తరవాతి వాక్యంలో చాలామంది తామే ‘అందరూ ఏం చదువుతా ఉండారు?’ అని సర్దుకుంటారు.

ఇక ‘సాకడం’. రాయలసీమలో, తెలంగాణలో ఇది బిడ్డల్ని పెంచడానికి నిండు గౌరవంతో వాడే మాట. చిత్తూరు జిల్లాను ఆనుకుని ఉన్న కన్నడ సీమలోనూ ‘సాకు’ అంటే పెంచడమే. ‘సాకి పెద్ద చేసినాము’ అనడంలో ఉన్న మమకారం ‘పోషించాము’ అనడంలో రాదు. కోస్తాలో ఈ మాట పిల్లల విషయంలో అంతగా వినబడదు. పశువుల్ని సాకడం అన్న చోటే వినడంతో మీ పక్కింటావిడకు అలా తోచి ఉంటుంది. కానీ ఆవిడ దృష్టిలో గౌరవమైన ‘పెంచడం’ సంగతేమిటి? పెంపుడు కుక్క, పెంపుడు చిలక అంటున్నాం కదా. పశువులకు కూడా వాడినంత మాత్రాన మాట చెడిపోదు.

నిజంగా కించపరిచే క్రియలు వేరే ఉన్నాయి. ‘ఐదుగురినీ ఎట్లా మేపుతావు?’ అంటే అది పిల్లల్ని మందగా చూడటమే, మేపడం మేతకు సంబంధించింది. ‘ఈనడం’ కూడా మనుషులకు వాడితే తిట్టే. ఆ క్రియ స్వతహాగా చెడ్డది కాదు. ఆవు ఈనుతుంది, వరి ఈనుతుంది, వ్యవసాయంలో ‘ఈనిక దశ’ అనే మాటే ఉంది. గరుడసేవ నాడు తిరుమల మాడవీధుల్ని చూసి ‘నేల ఈనినట్టు జనం’ అంటాం. అది పొగడ్తే. దాన్ని ఒక తల్లికి అంటగట్టినప్పుడే తప్పు. తల్లికి ‘కను’ ఉంది, కాన్పు ఉంది, పురుడు ఉంది. ఎవరైనా ‘ఎన్నో ఈత?’ అని నవ్వులాటగా అన్నా నవ్వి ఊరుకోవద్దని నా అభిప్రాయం. “ఐదో కాన్పు అక్కా” అని మాట మార్చి చెప్పండి, గొంతు పెంచకుండానే.

‘గంపెడు పిల్లలు’ మీద కొంచెం ఎక్కువసేపు నిలవాలి. ఇందులో ఉన్నది గంప, దాని మీద ‘ఎడు’ అనే ప్రత్యయం. పిడికెడు, దోసెడు, చెంబెడు, బుట్టెడు, బండెడు, పుట్టెడు, అన్నీ ఈ అచ్చులో పోసినవే. పాత్ర పేరు తీసుకుని, అందులో పట్టే పరిమాణాన్ని చెబుతుంది. పుట్టి అంటే ధాన్యాన్ని కొలిచే పాత కొలతల్లో 20 తూములు, అందుకే పుట్టెడు దుఃఖం అంత పెద్దది. ఊళ్లో తల్లికోడినీ పిల్లల్నీ గంప కింద మూయడం చూసినవాళ్లకు ఈ మాట వినగానే ఆ బొమ్మ మెదలవచ్చు, కానీ మాటలో ఉన్నది కోడి కాదు, కొలత. పైగా ఆ కొలత చెడ్డదేమీ కాదు, ‘గంపెడాశ’ అని మంచి అర్థంలోనే వాడుతున్నాం.

మరి ఎందుకు గుచ్చుకుంటుంది? మనుషుల్ని లెక్కపెడతాం, సరుకును కొలుస్తాం. బియ్యానికి కొలత, బిడ్డలకు లెక్క. కొలతలో పేర్లుండవు, ఎవరు పెద్ద ఎవరు చిన్న అన్నది ఉండదు. గంపెడు టమోటాల్లో ఏ కాయకు ఆ కాయ గుర్తుండదు కదా. కాబట్టి దీనికి జవాబు కొలతను తిరిగి లెక్కగా మార్చడమే. ముందు సంఖ్య, వెంటనే వరస: “ఐదుగురు పెద్దమ్మా. పెద్దామె ఇంటరు, రెండో ఆమె పది, నడిపామె ఏడు...” పెద్ద, నడిపి, చిన్న, కడగొట్టు అనే వరస మాటలు మన ప్రాంతంలో ఇంకా జీవంతో ఉన్నాయి, వాడండి. రెండో పేరు దాటేసరికే అవతలివాళ్లు ‘పదా? పరీక్షలెప్పుడు?’ అంటారు. గంప పక్కకు పోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మన వైపు ‘బిడ్డ’ అంటే ఆడైనా మగైనా సంతానం. తెలంగాణలో బిడ్డ అంటే కూతురు. నలుగురు కొడుకులున్న తిరుపతి తల్లి, దర్శనానికి వచ్చిన కరీంనగర్ ఆవిడతో ‘నాకు నలుగురు బిడ్డలు’ అంటే నలుగురూ ఆడపిల్లలనే అర్థమవుతుంది. మీ విషయంలో రెండు అర్థాలూ ఒకటే అయ్యాయి గానీ, ఇతరులకు ఈ ఇబ్బంది ఉంది. అక్కడ ‘పిల్లలు’ అనడమే మేలు. ‘పిలకాయలు’ అంటే నెల్లూరు, చిత్తూరు దాటినాక అందరికీ వెంటనే అందదు.

‘ఎట్లా సాకుతా ఉండావు?’ అన్నదాన్ని ఆక్షేపణగా కాక ప్రశ్నగానే తీసుకోండి. ఎట్లా అని అడిగినప్పుడు ఎట్లాగో చెప్పడమే సూటి జవాబు: “ఇద్దరమూ పనికి పోతాం, అవ్వ ఇంటికాడ చూసుకుంటుంది.” చాలామంది ఇక్కడ ‘నారు పోసినవాడు నీరు పోయడా’ అనే సామెతను ఎత్తుకుంటారు. ఆ సామెత చక్కనిదే, కానీ అది పెద్దవాళ్లు ధైర్యం చెప్పడానికి అనేది. తల్లే తన గురించి అంటే, కష్టపడేది తాను అయి ఉండీ ఆ కష్టాన్ని దాచేసినట్టవుతుంది. ‘నువ్వేమన్నా సాకుతావా?’ అన్న ఎదురు ప్రశ్న అంతకంటే పనికిరాదు. ప్రశ్నకు ప్రశ్న బదులైతే మాట ఆగే చోటే ఉండదు.

మీ వైపు నుంచి దొర్లే పొరపాటు ఒకటుంది, ఇది మీ పిల్లల చెవిన పడే మాట కాబట్టి చెప్పక తప్పదు. ‘ఏం చేసేది, ఐదుమంది అయిపోయినారు’, ‘పుట్టేసినారు’ అంటుంటారు తల్లులు. ‘పోవు’, ‘వేయు’ అనే సహాయక్రియలు ఇలాంటి చోట పని మన చేయి దాటి జరిగిందన్న అర్థాన్ని మోస్తాయి. గ్లాసు పగిలిపోయింది, చెప్పేశాను అంటామే, ఆ తీరే. బిడ్డల పుట్టుక చెప్పేటప్పుడు ఆ తోకలు తీసేయండి. ‘ఐదుమంది పుట్టినారు’, ‘ఐదుమంది ఉండారు’, అంతే. పక్కన నిలబడి వింటున్న కడగొట్టు బిడ్డకు ఆ చిన్న తేడా తెలుస్తుంది.

‘ఇంతమందా!’ అని ఆఫీసులోనో బడిలోనో ఆశ్చర్యపోతే, చివరి ‘ఆ’ ప్రశ్నా కావచ్చు, విస్మయమూ కావచ్చు. ఈ ఆశ్చర్యం కొత్తదే. కుటుంబ నియంత్రణ జాతీయ కార్యక్రమంగా 1952లో మొదలైంది. ‘చిన్న కుటుంబం చింతలేని కుటుంబం’ అన్న నినాదం గోడల మీద చదివి పెరిగిన తరాలివి. ‘చిన్న’కు ‘చింత’ అనుప్రాసగా కుదరడంతో ఆ నినాదం నాలుక మీద నిలిచిపోయింది, చెప్పకుండానే ‘పెద్ద’కు చింతను అంటించింది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధన 1994 చట్టంతో వచ్చింది, ఆంధ్రప్రదేశ్ శాసనసభ దాన్ని 2024లో తొలగించింది. నిబంధన పోయినంత తొందరగా నాలుక అలవాటు పోదు.

అంతకుముందు మన దీవెనలు వేరుగా ఉండేవి, ‘పిల్లాపాపలతో చల్లగా ఉండు’ అని. సరిహద్దు ఊళ్లలో వినే తమిళ దీవెన ‘పదినారుం పెట్రు పెరువాళ్వు వాళ్గ’ను పదహారుగురు పిల్లల్ని కనమనడంగా చాలామంది పొరబడతారు. అక్కడి ‘పెట్రు’కు పొందడం, కనడం అనే రెండర్థాలూ ఉండటం దానికి కారణం. దీవెన చెప్పేది పదహారు రకాల సంపదల్ని పొందమని.

‘ఇంతమందా!’కు నేను సూచించే జవాబు తెలుగుకున్న ఒక మంచి సౌకర్యం మీద ఆధారపడింది. మన సంఖ్యావాచకాలు ‘మేము’తో కలిసి రూపం మార్చుకుంటాయి. వాళ్లు ఏడుగురు, మీరు ఏడుగురు, మేము ఏడుగురం. ‘ఐదుగురు పిల్లలు’ అన్నప్పుడు మీరు లెక్క బయట నిలబడి చూపిస్తున్నారు. “అవునండీ, ఇంట్లో ఏడుగురం” అన్నప్పుడు మీరూ ఆయనా పిల్లలూ ఒకే మాటలో ఉన్నారు. ఆ మాటలో బరువెవరు, మోసేదెవరు అన్న విభజన ఉండదు. అవ్వనూ కలిపితే ‘ఎనిమిదిమందిమి’. దగ్గరివాళ్లయితే ‘మా పిల్లలు’ బదులు ‘మన పిలకాయలే కదక్కా’ అనండి. ‘మా’ అవతలి మనిషిని బయట ఉంచుతుంది, ‘మన’ లోపలికి పిలుస్తుంది. పొరుగామెకు ఇది సరిపోతుంది. బస్సులో ముక్కూమొగం తెలియనివాళ్లకు ‘మా’ చాలు.

చివరి సందేహానికి: ఐదుగురు, అయిదుగురు రెండూ ఒప్పే. ‘ఐ’ని ‘అయి’గా రాయడం తెలుగు మాటల్లో మొదటి నుంచీ ఉన్నదే. ఒకే రచనలో రెండూ కలపకుండా ఉంటే చాలు. ‘ఐదుమంది’ మన సీమ వాడుక, తప్పు కాదు. ‘గురు’ రూపం ఏడుగురు వరకే హాయిగా నడుస్తుంది. ఎనమండుగురు, తొమ్మండుగురు పుస్తకాల్లో కనబడతాయి గానీ మాటల్లో ఎనిమిదిమంది, తొమ్మిదిమంది అనే అంటాం. ‘ఐదు పిల్లలు’ మాత్రం పిల్లికే.