పిల్లల చేతికి మాసా పిండి ఇచ్చి చూడు

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో నువ్వడిగిన దానికి రెండు ముక్కల్లో ఏదో చెప్పి పెట్టేశాను గానీ, అది చాలదనిపించి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. పిల్లలిద్దరూ బయట మెక్సికన్ హోటల్లో బరీటో బౌల్ (అన్నం మీద బీన్సు, చీజ్ లాంటివి వేసిచ్చే గిన్నె) అంటే ఎగబడి తింటారు, ఇంట్లో అదే చేసిపెడితే ముట్టుకోరు అన్నావు కదా. నువ్వు చేసిందేంటో కూడా చెప్పావు. టాకో మసాలా పొట్లం, పట్టుకుంటే విరిగిపోయే టాకో షెల్సు (మడిచిన కరకర మొక్కజొన్న రొట్టెలు), డబ్బా బీన్సు, అవి చాలవన్నట్టు ఆ బీన్సుకి అల్లం వెల్లుల్లి, గరం మసాలా. నువ్వేమో వంటింట్లో, వాళ్లేమో టీవీ ముందు. తేడా అక్కడే వచ్చింది. బయట కౌంటర్ దగ్గర నిలబడి ‘ఇది వెయ్యి, అది వద్దు, ఇంకాస్త’ అని వాళ్లే చెప్పుకుంటారు, ఇంట్లో మనం అన్నీ కలిపేసి కంచంలో పెట్టి తినమంటాం.

నేను టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో నేర్చుకున్న మెక్సికన్ వంటంతా హోటళ్లలో కాదు, పక్కింటావిడ వంటింట్లోనే. ఆవిడది మెక్సికోలోని మాంటెరే వైపు. వాళ్లింట్లో పొయ్యి మీదున్న బీన్సు గిన్నెలో కారం దాదాపు ఉండదు. ఉల్లిపాయ ముక్కలు, కొత్తిమీర, కోసిన నిమ్మకాయలు, రెండు రకాల సల్సా (వాళ్ల టమాటా పచ్చడి), చిదిపిన చీజ్, అన్నీ విడివిడిగా బల్ల మీద ఉంటాయి. తాతకి కారం మండిపోవాలి, మనవరాలికి అసలు వద్దు, గిన్నె మాత్రం ఒక్కటే. మన వంటలో ఉప్పూ కారం పులుపూ అన్నీ వండేవాళ్లే తేల్చేస్తారు, తినేవాళ్లకి నెయ్యి వేసుకోవడం, అప్పడం నంజుకోవడం తప్ప పెద్ద పనేం మిగలదు. వాళ్లకి సగం వంట కంచంలోనే జరుగుతుంది. పిల్లలున్న ఇంటికి ఇంతకంటే హాయి ఏముంటుంది చెప్పు? కాబట్టి పొయ్యి మీద చప్పగా వండు, మిగతాది బల్ల మీద పెట్టి వాళ్లకి వదిలెయ్. ‘కాస్త పోపు పెడితే’ అని చెయ్యి లాగుతుంది. లాగనీ, పెట్టకు.

మొదలు మాత్రం టోర్టీయాతోనే, అంటే వాళ్ల మొక్కజొన్న రొట్టెతోనే పెట్టు, మిగతావన్నీ తర్వాత. ఇక్కడే చాలామంది పొరపాటు పడేది పిండి దగ్గర. షాపులో కార్న్‌మీల్ ఉంటుంది, కార్న్‌స్టార్చ్ ఉంటుంది, ఆ రెండూ పనికిరావు. పొట్లం మీద మాసా హరీనా అని ఉండాలి, మసేకా అన్న బ్రాండు అన్నిచోట్లా దొరుకుతుంది. ఆ మొక్కజొన్నని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, కడిగి, అప్పుడు ముద్దగా రుబ్బుతారు. పొట్లంలో ఉన్నది ఆ ముద్దని ఎండబెట్టి చేసిన పిండి. ఆ సున్నం పడితేనే పిండికి జిగి వస్తుంది, లేకపోతే ఎంత కలిపినా పొడిపొడిగా రాలిపోతుంది. ఇంకో సంగతి, మొక్కజొన్నలో ఉన్న నియాసిన్ అనే విటమిన్ మన ఒంటికి పట్టేది కూడా ఆ సున్నం వల్లే. మెక్సికో నుంచి మొక్కజొన్నని పట్టుకెళ్లిన యూరప్ వాళ్లు ఈ పద్ధతిని అక్కడే వదిలేసి వెళ్లారు, తర్వాత ఇటలీ, స్పెయిన్ పల్లెల్లో పేదవాళ్లకి చర్మం పగిలి మతి చెదిరే పెల్లాగ్రా జబ్బు పట్టుకుంది. మన దక్కన్‌లో జొన్నలే తిని బతికినవాళ్లకీ ఆ జబ్బు వచ్చేది, దాని మీద హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1960లలో చాలా పరిశోధన చేశారు. పెద్దాడికి సైన్స్ పిచ్చి కదా, పిండి కలుపుతుంటే ఈ కథ చెప్పు, వింటాడు.

కొలత ఇదీ. రెండు కప్పుల పిండి, అర చెంచా ఉప్పు, కప్పున్నర గోరువెచ్చని నీళ్లు. వెడల్పాటి గిన్నెలో వేసి చిన్నదాని ముందు పెట్టి నువ్వు వెనక్కి జరుగు. నాలుగేళ్ల పిల్లకి ఇంతకంటే మంచి పని లేదు. గోధుమపిండిలా ఇందులో సాగేలా చేసే గ్లూటెన్ లేదు కాబట్టి ఎంత పిసికినా గట్టిపడదు, పాడవదు, పది నిమిషాలు పిసకమను. తర్వాత తడిగుడ్డ కప్పి ఓ పావుగంట వదిలెయ్యాలి, పిండి నీళ్లు పీల్చుకుంటుంది. పరీక్ష ఒకటే, చిన్న ఉండ చేసి బొటనవేలితో నొక్కితే అంచులు పగిలాయంటే ఇంకో చెంచా నీళ్లు కావాలని, చేతికి అంటుకుందంటే కాస్త పిండి కావాలని. ఈ పరీక్ష పిల్లలకే వదిలెయ్, ఆటలా చేస్తారు.

టోర్టీయా ప్రెస్ కొనకు. మీ అమ్మ పంపిన పూరీ ప్రెస్ ఉంది కదా, అదే చాలు. జిప్ కవరు ఒకటి రెండు వైపులా కత్తిరించి తెరువు, నిమ్మకాయంత ఉండ మధ్యలో పెట్టి నొక్కించు. ఒకసారి నొక్కి, కవరుతో సహా తిప్పి, మళ్లీ నొక్కితే అంతటా సమంగా వస్తుంది. పైకవరు ముందు ఊడదియ్యి, రొట్టెని అరచేతిలోకి బోర్లించి అప్పుడు రెండోది మెల్లగా లాగు. ఇక్కడ ఒకటో రెండో చిరుగుతాయి, మళ్లీ ఉండ చేసి నొక్కితే సరి, జొన్నరొట్టె తట్టే ఇంట్లో పుట్టినదానివి, నీకు కంగారెందుకు.

పెనం బాగా కాలాలి, నూనె చుక్క వద్దు. వేసిన అర నిమిషంలోపే అంచులు పెనాన్ని వదులుతాయి, అప్పుడు తిప్పు. రెండో వైపు ఒక నిమిషం, అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు వచ్చేదాకా. మళ్లీ మొదటి వైపు తిప్పి గుడ్డతో మధ్యలో మెల్లగా అదిమితే బుస్సుమని పొంగుతుంది, చిన్నది దానికోసమే ఎదురుచూస్తూ కూర్చుంటుంది. పొయ్యి దగ్గర పని నీదే, పిల్లలు స్టూలు మీద ఎక్కి చూడ్డం కూడా వద్దు, బల్ల దగ్గరే వాళ్ల పని. దించినవి దించినట్టు మందపాటి గుడ్డలో చుట్టు. పెనం మీంచి తియ్యగానే తింటే కాస్త గట్టిగా అనిపిస్తుంది, గుడ్డలో పది నిమిషాలు ఆవిరిలో మగ్గాకే అది అసలు టోర్టీయా అవుతుంది. పిల్లలు ‘గట్టిగా ఉంది’ అని మొదటిదే పక్కన పడేస్తే ఇంక అంతే, కాబట్టి అప్పటిదాకా ఆపు.

బీన్సు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పింటో బీన్సు రాత్రి నానబోసి, అర ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి కుక్కర్లో మెత్తగా ఉడికించు, ఉప్పు వెయ్యి, అయిపోయింది. ఒక చెంచా నూనెలో వేసి పప్పుగుత్తితో మెదిపితే రీఫ్రైడ్ బీన్సు. మెదిపే పని పెద్దాడిది, గిన్నె దించి చల్లారాక ఇవ్వు. పింటో లేదని రాజ్మా తీస్తే మాత్రం స్లో కుక్కర్‌లో నేరుగా వెయ్యకు, సరిగ్గా మరగని రాజ్మా వాంతులు పట్టిస్తుంది.

మీ అత్తగారు వచ్చే నెల వస్తున్నారన్నావు, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకో. డబ్బాల్లో వచ్చే రీఫ్రైడ్ బీన్సులో పంది కొవ్వు ఉండొచ్చు, కొన్ని గోధుమ టోర్టీయాల్లో కూడా ఉంటుంది, లేబుల్ మీద లార్డ్ అని రాస్తారు. హోటల్లో ఎర్రటి అన్నం చూసి శాకాహారమే అనుకుంటాం, దాన్ని చాలాచోట్ల చికెన్ నీళ్లలో వండుతారు. ఇంట్లో చేసుకుంటే ఈ టెన్షన్ ఏదీ లేదు, వాళ్ల కేసో ఫ్రెస్కో అనే తాజా చీజ్ బదులు ఇంట్లో విరిచిన పనీర్‌ని ఉప్పు వేసి చిదిపేస్తే మీ అత్తగారూ తింటారు.

పీకో దే గాయో అంటే టమాటా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం, ఉప్పు, ఇంకేం లేదు. కొత్తిమీర తుంచడం, నిమ్మకాయ పిండడం చిన్నదానికి, చిన్న కత్తితో టమాటా కొయ్యడం పెద్దాడికి. పచ్చిమిర్చి వెయ్యని గిన్నె ఒకటి, వేసిన గిన్నె ఒకటి చెయ్యి. అక్కడి పచ్చిమిర్చి హాలపీనో అయినా సెరానో అయినా నువ్వే కొయ్యి, కోశాక చేతికి నూనె రాసుకుని సబ్బుతో కడుక్కో, వట్టి నీళ్లకి ఆ మంట వదలదు, ఆ చేత్తో పిల్లదాని కన్ను తుడిచావంటే ఆ పూట వంట ముగిసినట్టే. మిరపకాయ అసలు మెక్సికో వాళ్లదేనని, పోర్చుగీసు ఓడలు తెచ్చేదాకా గుంటూరులో కూడా కారమంటే మిరియాలేనని చెబితే పెద్దాడు నమ్మడు, పందెం కాసి మరీ వెతుకుతాడు చూడు. కాల్చిన సల్సా కావాలంటే టమాటాలు, ఉల్లిపాయ, వెల్లుల్లి, మిర్చి పెనం మీద నల్లబడేదాకా కాల్చి రోట్లో దంచు. వాళ్లకీ రోలుంది, అగ్నిపర్వతపు రాయితో మూడు కాళ్ల మీద చేస్తారు. నువ్వు చెయ్యాల్సిందల్లా చింతపండూ ఇంగువా అందుకోకుండా ఆగడమే.

వీటన్నిటికీ ఓపిక లేని రోజున సోపా దే ఫిదేయో, అంటే సేమియా సూపు చెయ్యి. మెక్సికోలో ఏ పిల్లాణ్ణి అడిగినా అమ్మ చేతి వంటల్లో ఇదొకటి చెబుతాడు. సన్న సేమియా ఓ రెండొందల గ్రాములు నూనెలో బంగారు రంగు వచ్చేదాకా వేయించు, దగ్గరే ఉండు, రంగు మారడం మొదలైతే క్షణంలో మాడుతుంది. మూడు టమాటాలు, పావు ఉల్లిపాయ, ఒక వెల్లుల్లి రెబ్బ మిక్సీ పట్టి వడకట్టి అందులో పోసి, కాస్త రంగు ముదిరాక ఆరు కప్పుల నీళ్లు, ఉప్పు. పది నిమిషాల్లో సేమియా మెత్తబడుతుంది. ఉప్మాలాగా బిగిసిపోకూడదు, చెంచాతో జుర్రుకునేలా ఉండాలి. పైన నిమ్మరసం, అవకాడో ముక్కలు ఎవరికి కావాల్సినవి వాళ్లు వేసుకుంటారు. జ్వరం వచ్చి లేచిన పిల్లలకి కూడా ఇది ఎక్కుతుంది.

తాగడానికి హమైకా నీళ్లు. మెక్సికన్ షాపులో ఎండిన ఎర్ర రేకులు సంచుల్లో ఉంటాయి, అవి మన ఎర్ర గోంగూర మొక్క కాయల చుట్టూ ఉండే రేకులే, మనం ఆకు తింటాం, వాళ్లు ఇది తాగుతారు. ఒక కప్పు రేకులు నాలుగు కప్పుల నీళ్లలో ఐదారు నిమిషాలు మరిగించి, వడకట్టి, అర కప్పు చక్కెర కలిపి, ఇంకో నాలుగు కప్పుల చల్లనీళ్లు పొయ్యి. పులుపు చాలదని నువ్వంటావు, తీపి చాలదని పిల్లలంటారు, చక్కెర గిన్నె అందనివ్వకు. ఆ మరక బట్టలకి పట్టిందంటే తొందరగా వదలదు, పాత టీషర్టులు వేయించు.

వారానికి ఒక్కటి చెయ్యి, చాలు. అన్నీ ఒకే శనివారం పెట్టుకుంటే గిన్నెలు తోమలేక నువ్వే విసుక్కుంటావు, ఆ విసుగు పిల్లలకి ఇట్టే తెలుస్తుంది. రెండో వారం వాళ్లు మాసా ముద్దతో ఏనుగులూ కార్లూ చేస్తే చెయ్యనీ, పెనం మీద వేసి కాల్చిపెట్టు, లావుగా ఉన్నవి లోపల పచ్చిగా ఉండిపోతాయి కాబట్టి పల్చగా అదుముకోమను. గ్వాకమోలే సంగతి అడిగావు, అవకాడో చిదిపి అదే పీకో కలపడమే, గింజ వేసి ఉంచితే నల్లబడదంటారు గానీ అది ఉత్తమాట, గాలి తగలకుండా కవరుని దాని మీదే అదిమిపెడితే కాసేపు ఆగుతుంది.

మిగిలిన టోర్టీయాలు పారెయ్యకు. మర్నాటికి గట్టిపడతాయి, త్రికోణాలుగా కోసి నూనెలో వేయించి, కాల్చిన సల్సా వేడిచేసి అందులో దొర్లించి, పైన చీజో గుడ్డో వేస్తే చిలకీలెస్, ఆదివారం పొద్దున్నే వేరే టిఫిన్ పని ఉండదు. సల్సాలో వేశాక ఆలస్యం చెయ్యొద్దు, ఐదు నిమిషాల్లో మెత్తబడి ముద్దయిపోతుంది, కాబట్టి ముందు పిల్లల్ని లేపి కూర్చోబెట్టి అప్పుడు వెయ్యి.

మీ పెద్దమ్మ